విశాఖ వన్‌టౌన్‌కి వెళ్ళబోయే మేనల్లుడికి

చిరంజీవికి ఆశీస్సులు.

బీచ్‌రోడ్డు, కైలాసగిరి తిరిగేసి విశాఖ చూసేశాననుకోకు. మనుషుల్ని ఎరగాలంటే ఫిషింగ్ హార్బరుకీ, పాత ఊరైన వన్‌టౌన్‌కీ వెళ్ళు.

ముందు కాలం చూసుకో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరబోట్లకి వేట నిషేధం. చేపల సందడి కోసమైతే అప్పుడు వెళ్ళడం దండగ. కబుర్లకైతే అంతకన్నా మంచి రోజుల్లేవు: బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, బోటు పనిచేసే కళాసీలు వలలు అల్లుకుంటూ, రంగులేసుకుంటూ తీరిగ్గా దొరుకుతారు. రోజుల తరబడి సముద్రం మీదుండి అప్పుడే దిగినవాణ్ణి ఆపి మాటలడిగితే ఏం చెబుతాడు, వాడికి నిద్ర కావాలి.

వేలం చూడాలంటే తెల్లారకముందే జెట్టీ మీదుండు. నేలంతా మంచునీళ్ళు, పొలుసు. అరిగిన చెప్పులు జారతాయి, పట్టున్నవి వేసుకో. కుప్పకీ పాటదారులకీ మధ్య నిలబడితే తిట్లు ఖాయం.

పాటయ్యాక ఆడవాళ్ళ దగ్గర ఒక కేజీ కొను. వంజరం జోలికి పోకు, ఖరీదెక్కువ, కానాగంతలు చాలు. మొప్పలెత్తి చూడు, ఎర్రగా ఉండాలి. కన్ను ఉబ్బి మెరవాలి, వేలితో నొక్కితే గుంట నిలవకూడదు. ఇలా చూసేవాడితో బేరం మర్యాదగా సాగుతుంది. కోత కూలి వేరే. ముందే అడుగు, తర్వాతడిగితే గొడవ. చేప కోసేలోపు దొరికే ఆ కాసేపే నీ అవకాశం. “వేటెలా ఉందమ్మా?” అని మొదలెట్టు. సంపాదనెంత, కులమేంటి అని అడగకు. డీజిలు ధర సంగతి వాళ్ళే ఎత్తుతారు.

ఫొటో అడిగే తియ్యి. నేవీ వైపు, పోర్టు గేట్ల వైపు అసలు కెమెరా తిప్పకు.

వన్‌టౌన్‌లో పాత పోస్టాఫీసు దగ్గర దిగి నడువు. 1933లో మొదలైన ఈ పోర్టు గోడ పక్కనే ఇళ్ళు. కిటికీ చువ్వ మీద వేలు రాస్తే పోర్టు బొగ్గు నలుపు అంటుకుంటుంది, తెల్లబట్టలు వేసుకోకు. టీకొట్టు దగ్గర ఆ దుమ్ము మాటెత్తి ఊరుకో. చెప్పాల్సింది వాళ్ళకి బోలెడుంటుంది, నీ సలహాలు మాత్రం వద్దు. సాయంత్రం రాస్‌హిల్ ఎక్కు: చర్చి, దర్గా, వెంకన్న గుడి మూడూ పక్కపక్క కొండల మీదే. బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి మార్గశిర గురువారాల్లో వెళ్ళకు, క్యూ కదలదు. మామూలు రోజైతే పైకప్పు లేని ఆ అమ్మవారికి నీ చేత్తోనే పసుపూ కుంకుమా పెట్టుకోవచ్చు.

మీ మావయ్య