సముద్రపు గాలి, కిటికీ అద్దాలు, మైక్రోఫైబర్ గుడ్డలు

ప్రశ్న: మేము లాసన్స్ బే కాలనీలో సముద్రానికి దగ్గరగా ఉంటున్నాము. కిటికీ అద్దాలు తుడవడానికి కొన్న మైక్రోఫైబర్ గుడ్డలు మొదట్లో బాగా పనిచేశాయి. ఇప్పుడు నీటిని పీల్చుకోకపోగా అద్దమంతా మరకలు పులుముతున్నాయి, ముక్కవాసన కూడా వస్తున్నాయి. తువ్వాళ్లతో కలిపి వాషింగ్ మెషిన్‌లో వేసి, చివర ఫాబ్రిక్ కండిషనర్ పోస్తున్నాను. కొత్తవి కొనుక్కోవాలా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: దయచేసి వాటిని అప్పుడే పారేయకండి. మీరు రాసిన దాన్ని బట్టి చూస్తే గుడ్డలు అరిగిపోలేదు, వాటి పోగులు పూడుకుపోయాయి. ఈ గుడ్డను ఎక్కువగా పాలిస్టర్, నైలాన్ కలిపి నేస్తారు. 80:20 పాళ్లు తరచుగా కనిపిస్తాయి. ఒక్కొక్క పోగునూ వెంట్రుక కంటే ఎంతో సన్నగా చీల్చడం వల్ల ఏర్పడే సందుల్లోకే నీరూ, జిడ్డూ, దుమ్మూ చేరతాయి. కండిషనర్ ఆ పోగుల మీద జారుడు పూత వేస్తుంది, తువ్వాళ్ల నూగు ఆ సందుల్లోనే చిక్కుకుంటుంది. కాబట్టి ముందు కండిషనర్ మానేయండి, నూలు బట్టలతో కలపకండి. గోరువెచ్చని నీటిలో కొద్దిగా ద్రవరూప డిటర్జెంట్ కలిపి గుడ్డలను కొన్ని గంటలు నానబెట్టి, నురగ పూర్తిగా పోయేవరకు జాడించండి. పూత మందంగా ఉంటే రెండు మూడు సార్లు ఉతకవలసి రావచ్చు. బ్లీచింగ్, మరిగే నీరు, ఇస్త్రీ మాత్రం వద్దు. ఇవి ప్లాస్టిక్ పోగులు కనుక వేడికి మెత్తబడి, చల్లారాక గట్టిపడిపోతాయి, ఆ తరువాత బాగుచేయడం కుదరదు.

వాసనకు కారణం మన ఊరి ఉక్కపోత. తడిగుడ్డను ముద్దగా సింకు పక్కన వదిలేయకుండా, గట్టిగా పిండి, గాలి ఆడే నీడలో విప్పి ఆరవేయండి. వానాకాలంలో ఫ్యాను కింద వేసినా చాలు.

మీ అద్దాల విషయంలో ఇంకొక సంగతి ఉంది, నా దృష్టిలో అసలు ముఖ్యమైనది ఇదే. సముద్రపు గాలి తెచ్చే ఉప్పు అద్దం మీద పేరుకుని, గాలిలోని తేమను పీల్చుకుని, తుడిచినకొద్దీ పలచగా పరుచుకుంటుంది. దానితో పాటు వచ్చే ఇసుక రేణువులు అద్దం కంటే గట్టివి కనుక, పొడిగుడ్డతో రుద్దితే సన్నని గీతలు పడతాయి. అందుకే ముందు మంచినీటితో అద్దాన్ని కడిగి ఉప్పు కరిగి, ఇసుక జారిపోనిచ్చి, ఆ పైన తడిపి పిండిన గుడ్డతో, చివరగా పొడిగుడ్డతో తుడవండి. గుడ్డను నాలుగు మడతలు వేస్తే ఎనిమిది శుభ్రమైన ముఖాలు దొరుకుతాయి. వంటింటి జిడ్డుకు వాడే గుడ్డను అద్దాలకు వాడకండి.

శుభ్రం చేసిన గుడ్డను ఆరబెట్టి, వంటింటి గట్టు మీద కొన్ని నీటిచుక్కలు వేసి తుడిచి చూడండి. చుక్కలను పీల్చుకుంటే అది ఇంకా అద్దాలకు పనికివస్తుంది. ముందుకు నెడుతూ పోతే బాల్కనీ గ్రిల్ తుడవడానికి కేటాయించి, అప్పుడు కొత్తది కొనండి.