మేనల్లుడి దగ్గర అద్దె ఎంత తీసుకోవాలి?

మీ ఇంట్లో ఉంటూ ఉద్యోగం చేస్తున్న మేనల్లుడిని ఎంత అడిగినా ఎక్కువో తక్కువో అనిపిస్తోందంటే, గది అద్దెనీ ఇంటి ఖర్చునీ ఒకే అంకెలో కలిపేశారన్నమాట. విడదీయండి.

1. అతను వచ్చాక 3 నెలల కరెంటు, గ్యాస్, సరుకుల బిల్లులు తీయండి. కిందటేడాది అవే నెలల బిల్లులతో పోల్చండి. వేరే నెలలతో పోలిస్తే కరెంటు లెక్క తప్పుతుంది. ధరలు పెరిగినంత తీసేసి, మిగిలిన తేడాని 3తో భాగిస్తే అతని నెల ఖర్చు. ఇందులో మొహమాటం వద్దు.
2. గదికి, బయట అలాంటి గదికయ్యే నెల అద్దెలో సగం చాలు. హాల్లో పడుకుంటుంటే అదీ వద్దు.
3. రెండూ కలిపి అతని చేతికొచ్చే జీతంలో పావు వంతు దాటితే గది వాటా తగ్గించండి, ఖర్చు వాటా కాదు.

అందరూ వదిలేసేది గడువు. "కాస్త నిలదొక్కుకునేదాకా" అంటే ఎప్పటికీ తేలదు, గొడవ అక్కడే మొదలవుతుంది. ఇవి ఒక్క మెసేజ్‌లో రాసి అతనితో సరే అనిపించండి: డబ్బు ఏ తేదీకివ్వాలి, రెండు వారాలు ఊరెళ్తే ఏం తగ్గుతుంది, 6 నెలల తర్వాత ఏ రోజు మళ్లీ లెక్క చూస్తారు. జీతం పెరిగినా, ఉద్యోగం పోయినా ఆ రోజుదాకా ఆగక్కర్లేదని కూడా రాయండి.

మీరుండేది అద్దింట్లోనైతే, ఇంకో మనిషిని ఉంచుకోవచ్చో లేదో ముందు మీ ఒప్పందంలో చూడండి.