రెప్లికా ఎక్కడ తీశారో అడగండి

ప్రశ్న: థర్మల్ విద్యుత్ కేంద్రంలో బాయిలర్ మెయింటెనెన్స్ విభాగంలో చేరి ఏడాది దాటింది. మా యూనిట్ లక్ష గంటలు నడిచింది. మెయిన్ స్టీమ్ పైపుకు ఇంకా యాభై వేల గంటల ఆయుష్షు ఉందని నివేదిక ఇచ్చారు. ఆయుష్షును గంటల్లో ఎలా లెక్కకడతారు? వెల్డింగు జాయింట్లకూ అదే అంకె వర్తిస్తుందా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: వర్తించదమ్మా. మీ రెండో ప్రశ్నే అసలైనది, అందుకే ముందు దానికే బదులిచ్చాను.

540 డిగ్రీల ఆవిరిని మోసే ఉక్కు ఏళ్ల తరబడి కంటికి తెలియనంత నెమ్మదిగా సాగుతూ ఉంటుంది. దాన్నే క్రీప్ అంటాం. ఎంతకాలానికి తెగుతుందో చెప్పడానికి ఎక్కువగా వాడేది 1952లో లార్సన్, మిల్లర్ ప్రతిపాదించిన సూత్రం. గంటల లాగరిథమ్‌కు (10 ఆధారంగా) 20 కలిపి, కెల్విన్లలోని ఉష్ణోగ్రతతో గుణించండి. స్ట్రెస్ (లోహం మీద పడే ఒత్తిడి) మారనంతవరకు ఆ విలువ మారదు. మీరే కాగితం మీద వేసి చూడండి: 540 డిగ్రీల దగ్గర లక్ష గంటలు నిలిచే పైపు 550 దగ్గర యాభై వేల గంటలకే తెగుతుంది. కేవలం పది డిగ్రీలకు సగం ఆయుష్షు పోయింది! కాబట్టి మీ నివేదికలో ఏ ఉష్ణోగ్రత వాడారో మొదట చూడండి. డిజైన్ కాగితంలోదా, పైపు మీది ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ రికార్డుల్లోదా?

ఇదంతా పైపు లోహం సంగతి. వెల్డు దగ్గర కథ వేరు. పోసిన లోహం గట్టిగానే ఉంటుంది. దానికి కొద్ది మిల్లీమీటర్ల అవతల, వెల్డింగు వేడికి సగం మాత్రమే మారిన సన్నని పట్టీ ఒకటి మిగులుతుంది. క్రీప్‌కు ముందుగా లొంగేది అదే. అక్కడ వచ్చేదాన్ని టైప్ 4 పగులు అంటారు. క్రోమియం ఎక్కువగా కలిసిన పీ-91 ఉక్కులో ఈ బెడద మరీ ఎక్కువ. వెల్డింగు తర్వాత 760 డిగ్రీల దగ్గర చేసే హీట్ ట్రీట్‌మెంట్ కూడా ఆ పట్టీని బాగుచేయలేదు.

నేను ఇన్‌స్పెక్షన్‌లో పనిచేసినన్నాళ్లూ రెప్లికా, అంటే లోహం పైతలపు అచ్చు, తీసేటప్పుడు పక్కనే నిలబడేవాణ్ణి. పైపును అద్దంలా పాలిష్ చేసి ఆమ్లం పూసి తుడిస్తే వెల్డు, దాని పక్కన మసక పట్టీ విడివిడిగా కంటికే కనిపిస్తాయి. అసిటోన్‌తో మెత్తబరచిన పలచని ఫిల్మును సరిగ్గా ఆ పట్టీ మీద అంటించి ఒలవాలి. వేలెడు పక్కకు జరిగితే మైక్రోస్కోపులో ఆరోగ్యంగా ఉన్న పైపే కనిపిస్తుంది, నివేదిక కూడా బాగుందనే వస్తుంది. పట్టీలో క్రీప్ వల్ల ఏర్పడిన సూక్ష్మ రంధ్రాలు విడివిడిగా ఉంటే నడుపుతూ మళ్లీ చూసుకోవచ్చు. అవి వరుస కడితే తర్వాతి పరీక్షను ముందుకు జరపాలి. సూక్ష్మ పగుళ్లుగా కలిస్తే మరమ్మతును వాయిదా వేయకూడదు. రెప్లికా పైపొరనే చూపుతుంది. పీ-91లో పగులు తరచు లోపల మొదలవుతుంది కనుక అల్ట్రాసోనిక్ పరీక్ష కూడా తప్పనిసరిగా చేయించండి.

పైపును వేలాడదీసి మోసే హ్యాంగర్లను దయచేసి మరిచిపోకండి. చుట్టూ వేసే జాయింటు మీద ఆవిరి పీడనం వల్ల పడే స్ట్రెస్, పైపును పొడవునా చీల్చాలని చూసే స్ట్రెస్‌లో సుమారు సగమే. హ్యాంగర్ బిగుసుకుపోతే పైపు బరువు, వేడికి సాగే కదలిక ఆ జాయింటు మీదికే వస్తాయి. లైను వేడిగా ఉన్నప్పుడొకసారి, చల్లారాక ఒకసారి నడిచి హ్యాంగర్ల స్కేళ్లు చూపే అంకెలు రాసుకోండి.

నేనింత గట్టిగా చెప్పడానికి కారణముంది. 1985లో అమెరికాలోని మోహేవీ విద్యుత్ కేంద్రంలో హాట్ రీహీట్ పైపు (బాయిలర్‌లో మళ్లీ వేడిచేసిన ఆవిరిని టర్బైనుకు తెచ్చేది) తన పొడవునా ఉన్న నిలువు వెల్డు వెంట చీలి ఆరుగురు చనిపోయారు. మీ దగ్గర అలాంటి నిలువు వెల్డు పైపులుంటే ముందు వాటినే చూడండి. తర్వాత హెడర్ స్టబ్బులు (ఆవిరిని పోగుచేసే పెద్ద గొట్టానికి అతికిన పొట్టి గొట్టాలు), టీలు (పైపు చీలే మూడు దారుల జాయింట్లు), వాల్వు పక్క జాయింట్లు, చెడిన హ్యాంగర్‌కు దగ్గరలో ఉన్నవి. ఓవర్‌హాల్‌లో ఇన్సులేషన్ విప్పకముందే ఆ జాబితా మీ చేతిలో ఉండాలి.