జూలో పుట్టిన ఎడారి జింకలు మళ్లీ ఎడారిలో బతకగలవా?

బతకగలవు, కాకపోతే జూ నుంచి లారీలో తెచ్చి నేరుగా ఇసుకలో దించేస్తే కష్టం. అరేబియన్ ఓరిక్స్ అనే ఎడారి జింకనే తీసుకుంటే, తినే మొక్కల్లోని తేమతో వారాల తరబడి నీళ్లు తాగకుండా గడపడం దాని ఒంట్లోనే ఉంది. బోనులో పుట్టినా ఆ శక్తి పోదు. వాన ఎక్కడ పడింది, గడ్డి ఎటువైపు మొలిచింది అన్నది మాత్రం తిరిగి నేర్చుకోవాల్సిందే. అందుకే ముందు కంచె వేసిన పెద్ద ఆవరణలో కొన్ని నెలలు కలిపి ఉంచుతారు. అవి ఒక మందగా కుదురుకున్నాకే గేటు తీస్తారు.

1972లో ఎడారిలో స్వేచ్ఛగా తిరిగే ఓరిక్స్ పూర్తిగా అంతరించింది. అమెరికాలోని ఫీనిక్స్ జూలో 1963 నుంచి పెంచుతున్న మంద సంతతిని 1982లో ఒమన్‌లో వదిలారు. 1996 నాటికి 400 దాటాయి.

జూలో సంఖ్య పెరిగితే జాతి గట్టెక్కినట్టే అనుకుంటారు చాలామంది. అసలు చిక్కు వదిలాకే మొదలవుతుంది. ఒమన్‌లో వేటగాళ్లు మళ్లీ పడ్డారు, ప్రభుత్వం అభయారణ్యాన్ని 90 శాతం కుదించింది, 2007కల్లా 65 మిగిలాయి. చంపింది ఎడారి కాదు, మనుషులే.