పొట్టీ పొడుగూ ప్రొఫైళ్లకు రంగులు వేసేటప్పుడు

అమ్మడూ,

ఆర్గో ఫ్లోట్ (సముద్రంలో మునుగుతూ తేలుతూ కొలతలు తీసే యంత్రం) డేటాను మాట్‌ల్యాబ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో పేర్చబోతే కొలతలు కుదరలేదని ఎర్ర అక్షరాలు వస్తున్నాయని రాశావు. టెన్షన్ పడకు, ఆ డేటా తీరే అంత. ఫ్లోట్ సుమారు పది రోజులకోసారి రెండు వేల మీటర్ల లోతు నుంచి పైకి వస్తూ ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలుస్తుంది. అలా ఒక్కసారి పైకి వస్తూ తీసిన కొలతల వరుసే ఒక ప్రొఫైల్. ఒకసారి 70 చోట్ల కొలిస్తే మరోసారి 110 చోట్ల కొలవచ్చు. పొడవు కలవని నిలువు వరుసలు ఒక మాట్రిక్స్‌లో, అంటే అంకెల పట్టికలో, ఇమడవు.

అందరూ చెప్పే చిట్కా ఒకటుంది. అన్నిటికంటే పొడవైన ప్రొఫైల్‌కు సరిపడా మాట్రిక్స్ తీసుకుని, అంతా 'నాన్'తో (NaN, ఇక్కడ అంకె లేదని చెప్పే గుర్తు) నింపి, ఒక్కో ప్రొఫైల్‌ను పైనుంచి అందులో పోయడం. ఎర్రర్ పోతుంది, బొమ్మా వస్తుంది. అక్కడితో ఆగకు. ఒకదానిలో పదో కొలత 50 మీటర్ల దగ్గర, పక్కదానిలో పదోది 100 మీటర్ల దగ్గర ఉందనుకో. ఒకే వరుసలో ఉన్నాయని, పట్టికను రంగు గడులుగా గీసే పీకలర్ (pcolor) ఆ రెంటినీ కలిపేస్తుంది. బంగాళాఖాతంలో ఆ కాస్త లోతులోనే నీళ్లు కొన్ని డిగ్రీలు చల్లబడిపోతాయి. అందుకే ముందు ప్రతి ప్రొఫైల్‌నూ విడివిడిగా ఇంటర్ప్1తో (interp1, రెండు కొలతల నడిమి విలువను అంచనా కట్టే ఆదేశం) ఒకే లోతుల మీదకు తెచ్చుకో. పై 200 మీటర్లకు 5 మీటర్ల ఎడం చాలు. ఒకే లోతు రెండుసార్లు ఉంటే ఇంటర్ప్1 మొరాయిస్తుంది, ముందే ఒకటి తీసెయ్. కొలవని లోతుల దగ్గర అదే నాన్ పెడుతుంది. కొలవని చోట కూడా విలువలు ఊహించి పెట్టే 'ఎక్స్‌ట్రాప్' జోలికి మాత్రం వెళ్లకు.

ఇక నా పరువు తీసిన సంగతి. తుపాను వెళ్లాక సముద్రం పైపొర ఎంత చల్లబడిందో చూపిస్తానని మీటింగ్‌లో కూర్చున్నాను. తెర మీద అంతా వెచ్చగానే ఉంది! పీకలర్‌కు 12 ప్రొఫైళ్లు ఇస్తే 11 పట్టీలే గీస్తుంది. మన అంకెల్ని గడుల మూలలుగా తీసుకుని, ఒక్కో గడికి ఒక మూల రంగే వేస్తుంది. చివరి నిలువు వరుస, చివరి అడ్డ వరుస మాయం. తుపాను తర్వాతి ప్రొఫైల్ సరిగ్గా ఆ చివరిదే. అప్పటినుంచి చివర ఒక నాన్ నిలువు వరుస, ఒక నాన్ అడ్డ వరుస అదనంగా పెడుతున్నాను. తేదీలకు బదులు రెండు తేదీల నడిమి గీతల్ని అంచులుగా ఇస్తాను. లోతులకూ అంతే.

పట్టికను బొమ్మగా చూపే మరో ఆదేశం ఇమేజ్‌ఎస్‌సిలో (imagesc) ఈ చిక్కు లేదు కానీ అది మొదటి తేదీని, చివరి తేదీని మాత్రమే చూసి మధ్యలోవన్నీ సమానంగా సర్దేస్తుంది. పైగా నాన్‌కు అట్టడుగు రంగు వేస్తుంది. అసలు కొలవని నీళ్లు చల్లటి నీళ్లలా కనబడతాయి.

ఫ్లోట్ నెల రోజులు పలకకపోతే అక్కడ ఒక నాన్ నిలువు వరుస దూర్చి తెల్లగా వదిలెయ్. చుట్టుపక్కల కొలతలతో ఖాళీలు పూడ్చే గ్రిడ్‌డేటా (griddata) ఆ ఖాళీని ముచ్చటగా నింపేస్తుంది, నాకు మాత్రం గిట్టదు. రోజులనూ మీటర్లనూ ఒకే కొలబద్దతో చూస్తుంది మరి.

రంగులకు పరూలా అనే రంగుల వరుస చాలు, 2014 నుంచి మాట్‌ల్యాబ్‌లో అదే డిఫాల్ట్. జెట్ అనే పాత రంగుల వరుస, డేటాలో లేని గీతల్ని ఉన్నట్టు చూపిస్తుంది. లోతు కిందికి పెరిగేలా వై అక్షాన్ని తిప్పడం మరిచిపోకు.

ముందు ఐదు ప్రొఫైళ్లతో గీసి పట్టీలు లెక్కపెట్టు. నాలుగే ఉంటే రాత్రి ఫోన్ చెయ్.

పెదనాన్న