వ్యవసాయ కార్యక్రమాల్లో ఎప్పుడూ అదే రైతులు ఎందుకు కనిపిస్తారు?

విలేకరులకు రైతును చూపించేది ఎక్కువగా ఉద్యాన, వ్యవసాయ అధికారులూ రైతులకు కొత్త పద్ధతులు నేర్పే కృషి విజ్ఞాన కేంద్రాలే కాబట్టి, వాళ్ల దగ్గరున్న కొద్ది పేర్లే మళ్లీ మళ్లీ తిరుగుతుంటాయి. కథనం ఒక్క పూటలో పూర్తవ్వాలి: తోట రోడ్డుకు దగ్గరగా ఉండాలి, పంట కంటికి కనబడే దశలో ఉండాలి, రైతు కెమెరా ముందు తడబడకుండా ఖర్చూ రాబడీ చెప్పాలి. చిత్తూరు జిల్లాలో జూన్‌లో తోతాపురి మామిడి కోతల మీద వార్త కావాలంటే, డ్రిప్పు పెట్టి ప్రదర్శన క్షేత్రం నడిపిన రైతు నంబరే ముందు చేతికొస్తుంది. ఒకసారి అచ్చయిన పేరును తర్వాతి విలేకరి వెతుక్కుంటూ వస్తాడు. లోపలి ఊళ్లో వర్షాధారంగా వేరుశనగ వేసే కౌలురైతు ఆ జాబితాకే ఎక్కడు. అది నిజంగా నష్టం.

తరచూ కనిపించేవాళ్లే అందరికన్నా ఎక్కువ దిగుబడి తీస్తారనుకోవడం పొరపాటు. వాళ్లను చూసి పంట మార్చేముందు ఎకరా పెట్టుబడి, బోరు నీళ్లు, అమ్మిన ధర అడగండి. మొక్కలు గానీ విత్తనం గానీ అమ్మగా వచ్చే ఆదాయం ఎంతో విడిగా అడగండి.