బ్రిటిష్ కొలంబియా గేమింగ్ గ్రాంటు తెలుగు సంఘానికి వస్తుందా? కేసినో డబ్బు తీసుకోవచ్చా?

మీరడిగినవి రెండు. సర్రేలో చిన్న తెలుగు సంఘం నడుపుతున్నారు, పిల్లల నృత్యం, ఉగాది, సంక్రాంతి కార్యక్రమాలకు కెనడాలోని బ్రిటిష్ కొలంబియా (బీసీ) రాష్ట్ర ప్రభుత్వం జూదం ఆదాయంలోంచి ఇచ్చే కమ్యూనిటీ గేమింగ్ గ్రాంటు వస్తుందా అన్నది ఒకటి. జూదం డబ్బు మనకెందుకని కమిటీలో పెద్దలు అడ్డుపడుతున్నారు, వాళ్ళకేం చెప్పాలన్నది రెండోది. నేను ముందు మా అబ్బాయి బడిలో, తర్వాత పిల్లల కోలాటం, కూచిపూడి నేర్పే ఓ సాంస్కృతిక బృందంలో ట్రెజరర్‌గా ఉన్నాను. రెండుచోట్లా ఈ గ్రాంటు లెక్కలు నేనే చూశాను. ఆ అనుభవంతో రాస్తున్నాను.

మొదటి ప్రశ్నకు జవాబు: వస్తుంది. కాకపోతే మన సంఘాల్లో మామూలుగా జమాఖర్చులు రాసే పద్ధతిలోనే మీరూ రాస్తుంటే కష్టం. దాని గురించే ఎక్కువ చెబుతాను, ఎందుకంటే నేను చూసినంతలో చాలా సంఘాలు అక్కడే ఆగిపోతున్నాయి.

ముందు ఈ డబ్బు ఎక్కడిదో చూద్దాం. ఇక్కడ కేసినోలు, లాటరీ టికెట్లు, ఆన్‌లైన్ జూదం అన్నీ బీసీ లాటరీ కార్పొరేషన్ అనే ప్రభుత్వ సంస్థ చేతిలో ఉన్నాయి. దాని లాభం ప్రభుత్వానికి వెళ్తుంది. కేసినో ఉన్న ఊరి మునిసిపాలిటీకి ఆ కేసినో నికర ఆదాయంలో 10 శాతం ఇస్తారు. 2019లో కుదిరిన ఏర్పాటు ప్రకారం కార్పొరేషన్ మొత్తం నికర లాభంలో 7 శాతం ఆదివాసీ తెగలకు, అంటే ఫస్ట్ నేషన్స్‌కు వెళ్తుంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ఆసుపత్రులు, బడులు నడిచే సాధారణ ఖజానాలో కలుస్తుంది. ఏడాదికి 14 కోట్ల డాలర్లు మాత్రం మనలాంటి లాభాపేక్షలేని సంస్థల కోసం పక్కన పెడతారు. సుమారు 5,000 సంస్థలు దాన్ని పంచుకుంటాయి. ఫుడ్ బ్యాంకులు, పిల్లల హాకీ క్లబ్బులు, కొండల్లో తప్పిపోయినవాళ్ళను వెతికే రెస్క్యూ బృందాలు, నాటక సంఘాలు, బడుల్లో తల్లిదండ్రుల కౌన్సిళ్ళు, అన్నీ ఈ 14 కోట్లలోనే.

ఇక అర్హత. సంఘం సొసైటీగా రిజిస్టరై ఉండాలి, మీరడిగే కార్యక్రమం అప్పటికే కనీసం ఓ ఏడాదిగా నడుస్తూ ఉండాలి. "డబ్బిస్తే మొదలుపెడతాం" అంటే కుదరదు. డైరెక్టర్లు జీతం తీసుకోకూడదు, సభ్యులు ఓటేసి ఎన్నుకున్నవాళ్ళై ఉండాలి. ఓటు హక్కున్న సభ్యుల సంఖ్య డైరెక్టర్ల సంఖ్యకు రెట్టింపుకన్నా ఎక్కువుండాలి. ఈ చివరిది మన సంఘాల్లో చాలామంది గమనించరు. వాట్సాప్ గ్రూపులో నాలుగువందల మంది ఉంటారు, చందా కట్టి సభ్యత్వ పుస్తకంలో పేరున్నవాళ్ళు మాత్రం పదిహేనుమంది, అందులో తొమ్మిదిమంది కమిటీయే. అలాంటి సంఘాన్ని నలుగురు స్నేహితుల వ్యవహారం అనుకుంటారు. అనుకోవడంలో తప్పు కూడా లేదు. ముందు సభ్యత్వం పెంచండి, సర్వసభ్య సమావేశం నిజంగా జరపండి, మినిట్స్ రాసి పెట్టండి.

ఇప్పుడు లెక్కలు. మన దగ్గర ఉగాదికి హాలు అద్దె, కేటరింగు, మైకు, పూలు, పంతులుగారి సంభావన, పిల్లల దుస్తులు, జ్ఞాపికలు అన్నీ ఒకే ఎక్సెల్‌లో ఒకే పేజీలో పడతాయి. చివర్లో "ఉగాది ఖర్చు ఇంత, వసూలు ఇంత" అని తేల్చేస్తాం. గ్రాంటు అధికారి ఆ పేజీ చూసి ఏమీ తేల్చుకోలేరు. వాళ్ళు అడిగేది కార్యక్రమాలవారీ లెక్క. పిల్లల నృత్య శిక్షణ ఒక కార్యక్రమం, ఊళ్ళో అందరికీ తలుపు తెరిచి చేసే ప్రదర్శన ఇంకొకటి, సభ్యుల విందు వేరొకటి. ఒక్కోదానికి పోయినేడు అసలెంత ఖర్చయింది, ఈ ఏడు ఎంత అనుకుంటున్నారు, ఆ డబ్బు ఎక్కడెక్కడ నుంచి వచ్చింది అన్నది చూపించాలి. మొత్తం ఖర్చు ఈ గ్రాంటు నెత్తినే వేస్తే ఒప్పుకోరు. టికెట్టో, చందాయో, విరాళమో, మీ వైపు నుంచి కూడా కొంత రావాలి.

ఇలా విడదీస్తే మన కార్యక్రమాల్లో దేనికి డబ్బొస్తుందో దేనికి రాదో మనకే స్పష్టమవుతుంది. సభ్యుల భోజనాలకు రాదు. పూజకు రాదు, మతప్రచారం అనిపించేదేదైనా పక్కన పెట్టేస్తారు. నాట్యం నేర్పే గురువుగారి రుసుము, కమ్యూనిటీ సెంటర్ హాలు అద్దె, సౌండు, కోలాటం కర్రలు, దుస్తులు, ఇవి వస్తాయి. మేం దరఖాస్తులో "తెలుగువారి కోసం" అని ఎక్కడా రాయలేదు. ఎందుకంటే మా తరగతుల్లో పంజాబీ పిల్లలు, ఫిలిప్పీన్స్ పిల్లలు నిజంగానే ఉన్నారు. మా ప్రదర్శనకు టికెట్టు లేదు, లైబ్రరీ నోటీసు బోర్డు మీద పోస్టరు పెట్టేవాళ్ళం. మీ కార్యక్రమం కూడా అలా తెరిచి ఉంటే ఆ సంగతే రాయండి. లేకపోతే మాటల్తో నెట్టుకురావద్దు, ఈ ఏడాది ముందు తలుపులు తెరవండి, దరఖాస్తు వచ్చే ఏడాది పెట్టుకోండి.

బ్యాంకులో ఇంకో సంగతుంది. ఈ గ్రాంటు సొమ్ముకు గేమింగ్ అకౌంట్ అని విడిగా ఖాతా తెరవాలి. సంఘం మామూలు ఖాతాలో కలపకూడదు. వచ్చిన డబ్బు 12 నెలల్లో ఖర్చు పెట్టాలి. ఆర్థిక సంవత్సరం ముగిశాక 90 రోజుల్లోపు ఆ ఖాతా నివేదిక పంపాలి. అది పంపకపోతే మరుసటి గ్రాంటు ఆగిపోతుంది. రసీదులన్నీ ఏళ్ళ తరబడి దాచాలి. నేను ప్రతి రసీదునూ అందిన రోజే ఫోటో తీసి, వెనకాల ఏ కార్యక్రమమో రాసి ఫైల్లో పెట్టేదాన్ని. ట్రెజరర్ మారినప్పుడు ఆ ఫైలు చేతులు మారితే చాలు, కొత్తవాళ్ళు ఎవరినీ అడగక్కర్లేదు.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. దానికి బిజినెస్ బీసీఈఐడీ, అంటే ప్రభుత్వ వెబ్‌సైట్లలోకి సంస్థ పేరుతో వెళ్ళే లాగిన్ కావాలి, అది చేతికి రావడానికి టైం పడుతుంది కనుక ముందే తీసుకోండి. కళలు, సంస్కృతి విభాగం ఫిబ్రవరిలో తెరుస్తారు. సామాజిక సేవలకు ఆగస్టు నుంచి నవంబరు దాకా. సంస్థకు ఏడాదికి ఒక్క దరఖాస్తే, కాబట్టి ఏ విభాగంలో వేయాలో అనుమానముంటే ఫోన్ చేసి అడగండి. మేం అడిగినప్పుడు ఓపిగ్గా చెప్పారు. మీలా ఒక ఊరి వరకే పనిచేసే సంఘాలకు పై పరిమితి లక్ష డాలర్లు దాటే ఉంటుంది గానీ, దాన్ని చూసి ఆశపడొద్దు. మీ పోయినేటి ఖర్చుకు తగ్గ మొత్తం అడగండి. ఐదువేలతో నడిచిన తరగతికి నలభైవేలు అడిగితే చదివేవాళ్ళకు మిగతా దరఖాస్తు మీద కూడా నమ్మకం పోతుంది.

మీరు అడగలేదు గానీ ఒక మాట. మీ పిల్లల బడిలో పేరెంట్ అడ్వైజరీ కౌన్సిల్ ఉంటుంది, ప్యాక్ అంటారు. ప్రతి ప్యాక్‌కూ ఇదే నిధి నుంచి విద్యార్థికి 20 డాలర్ల చొప్పున వస్తుంది. నాలుగువందల మంది ఉన్న బడికి ఎనిమిది వేలు. పాఠ్యపుస్తకాలకు వాడకూడదు. ఆటలు, ఆటస్థలం సామాను, నాటకాలు, విహారయాత్రల్లాంటి వాటికే. మనవాళ్ళు ప్యాక్ సమావేశాలకు వెళ్ళేది చాలా తక్కువ, అది నాకు బాధగానే ఉంటుంది. మన పిల్లలు అదే మైదానంలో ఆడుతున్నారు కదా. నేను గేమింగ్ ఖాతా నడపడం, నివేదిక రాయడం నేర్చుకున్నది అక్కడే. మీ కమిటీలో ఒక్కరైనా ముందు ప్యాక్‌లో ట్రెజరర్‌గా ఓ ఏడాది చేస్తే, సంఘం దరఖాస్తు రాయడం చాలా సులువవుతుంది.

ఇక పెద్దల అభ్యంతరం. దయచేసి దాన్ని చాదస్తమని తీసిపారేయకండి. పేకాటలో పొలాలు పోయిన ఇళ్ళు చూసినవాళ్ళు వాళ్ళు. ఫోన్లో రమ్మీ ఆడి అప్పులపాలైన కుర్రాళ్ళ వార్తలు చదివినవాళ్ళు. ఆ గొడవల వల్లే కదా తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించాయి. ఇక్కడి కేసినోల చరిత్ర కూడా శుభ్రమైనదేమీ కాదు. నల్లడబ్బు మీద వేసిన కల్లెన్ కమిషన్ 2022లో ఇచ్చిన నివేదికలో, వాంకూవర్ చుట్టుపక్కల కేసినోల్లోకి సంచుల కొద్దీ అనుమానాస్పదమైన నగదు ఏళ్ళ తరబడి ఎలా వచ్చిపడిందో వివరంగా ఉంది.

మా బృందంలోనూ ఇదే వాదన వచ్చింది. అప్పుడు ఒకరు కేరళ సంగతి గుర్తుచేశారు. అక్కడ లాటరీ నడిపేది రాష్ట్ర ప్రభుత్వమే, కారుణ్య లాటరీ ఆదాయంతో పేద రోగుల వైద్యానికి నిధి పెట్టారు. దానికి ఇంకో పెద్దాయన ఇచ్చిన జవాబు కూడా సబబే: "రోగికి మందు వేరు, మన ఆటపాటలు వేరు." నా మట్టుకు నేను చెప్పింది ఇదీ. మనం వద్దన్నంత మాత్రాన ఆ డబ్బు పోగొట్టుకున్నవాడి ఇంటికి తిరిగి వెళ్ళదు, ఇంకో సంస్థకు వెళ్తుంది. మనం నేరుగా జూదం నడపడం లేదు, ఎవర్నీ ఆడమని పిలవడం లేదు.

ఆ మాట ఊరికే అనలేదు, పక్క రాష్ట్రంలో పద్ధతి చూశాక అన్నాను. ఆల్బర్టాలో సంస్థల వాలంటీర్లు రెండు రోజులు కేసినోలో స్వయంగా పనిచేయాలి. బ్యాంకరు, క్యాషియరు, చిప్స్ అనే జూదం బిళ్ళలు మోసేవాళ్ళు, అర్ధరాత్రి దాటాక కౌంట్ రూంలో నోట్లు లెక్కపెట్టేవాళ్ళు, అందరూ సంస్థ సభ్యులే. అక్కడి కాల్గరీ నగరంలో మా మరిది వాళ్ళ సంఘం అలా చేసింది. వంతు కోసం చాలా నెలలు ఎదురుచూడాలి గానీ, వచ్చే మొత్తం పెద్దది. తెల్లవారుజామున కూడా మెషీన్ల ముందు నుంచి లేవని ముసలివాళ్ళను చూసి మా తోటికోడలు మళ్ళీ వెళ్ళనంది. ఆమె నిర్ణయం నాకు పూర్తిగా అర్థమైంది. బీసీలో కూడా 1990ల చివరిదాకా సేవాసంస్థలే బింగోలు, కేసినో రాత్రులు నడిపేవి. ఇప్పుడు ప్రభుత్వమే నడిపి గ్రాంటు రూపంలో ఇస్తోంది.

మా దగ్గర చివరికి సర్వసభ్య సమావేశంలో ఓటుకు పెట్టాం. అభ్యంతరం చెప్పిన పెద్దాయన ఒక షరతు మీద ఒప్పుకున్నారు. మన ప్రతి కార్యక్రమంలో జూద వ్యసనానికి ఉచితంగా సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ వివరాలు బల్ల మీద పెట్టాలి, దాని గురించి వేదిక మీద ఒక్క నిమిషం చెప్పాలి. ఆ హెల్ప్‌లైన్ 24 గంటలూ ఉంటుంది, చాలా భాషల్లో మాట్లాడతారు. తానే కేసినోలోకి రాకుండా పేరు రాయించుకుని నిషేధం పెట్టించుకునే ఏర్పాటు కూడా ఉంది. మన సమాజంలో ఈ సమస్య గురించి ఎవరూ పైకి చెప్పుకోరు కాబట్టి, ఆ ఒక్క నిమిషం అవసరమని నాకు గట్టిగా అనిపించింది. మీ పెద్దలతో ఇలా మాట్లాడి చూడండి. అప్పటికీ సగంమంది వద్దంటే తీసుకోవద్దు. ఈ డబ్బు కోసం సంఘం చీలిపోకూడదు.

తీసుకుంటే మాత్రం దీని మీదే ఆధారపడొద్దు. దీనికి గట్టి కారణం ఉంది. 2009లో ఆర్థికమాంద్యం వచ్చినప్పుడు జూదం లాభం ఏడాదికి 100 కోట్ల డాలర్లకు పైనే ఉంది. అయినా ప్రభుత్వం ఈ గ్రాంట్లను కోసేసింది. ప్యాక్‌లకు విద్యార్థికి 20 డాలర్లు కాస్తా 10 అయింది. పెద్దల కళాబృందాలు, పెద్దల క్రీడాసంఘాలు అర్హత జాబితాలోంచే పోయాయి. గొడవలు జరిగి, సమీక్ష వేసి, 2012లో నిధిని 13.5 కోట్లకు పెంచాకే వాళ్ళకు మళ్ళీ చోటు దొరికింది. అందుకు పూర్తి విరుద్ధంగా కోవిడ్‌లో, 2020 మార్చి నుంచి 2021 జూలై దాకా కేసినోలు మూతపడినా గ్రాంట్లు ఆగలేదు. అంటే ఇది జూదం ఆదాయంతో పెరిగి తరిగే వాటా కాదు, ఏ ఏటికాయేడు బడ్జెట్లో తీసుకునే నిర్ణయం. అందుకే మేం గురువుగారి నెలవారీ రుసుమును పిల్లల ఫీజుల నుంచే ఇచ్చి, గ్రాంటును హాళ్ళు, దుస్తులు, ఫీజు కట్టలేని పిల్లల సీట్లకు వాడాం. గ్రాంటు రాని ఏడాది ప్రదర్శన చిన్నదవుతుందేమో గానీ తరగతి ఆగదు.

ఇంకొక్కటి. దీపావళికి రాఫెల్ (లక్కీ డ్రా) టికెట్లు అమ్ముతున్నామని రాశారు. చిన్న రాఫెల్‌కైనా ఇక్కడ లైసెన్సు తీసుకోవాలి. ఆన్‌లైన్లో తేలిగ్గానే దొరుకుతుంది. ఈ దీపావళికి ముందే ఆ పని చేసేయండి, గ్రాంటు దరఖాస్తు దాకా ఆగొద్దు. మీ పోయినేటి ఖర్చులు కార్యక్రమాలవారీగా విడదీశాక, ఏ ఖర్చు ఏ పద్దులోకి వస్తుందో తేలకపోతే ఇక్కడే అడగండి, చూసి చెబుతాను.